జపాను ఖడ్గములపై సంతకములు: వాని ప్రామాణ్య పరీక్ష

శాసన పరిశోధనయందు అభిరుచి గలవారికి ‘కూటశాసనము’ అను మాట క్రొత్తది కాదు. ఒక రాజు పేరు పెట్టి, అతని కాలమునకు పిదప ఎవరో పుట్టించిన దానపత్రమునకు అది పేరు. అట్టివానిని కనిపెట్టుటకు మన పండితులు అవలంబించిన మార్గము సుపరిచితమే. వారు అందలి రాజు పేరును మొదట నమ్మరు. లిపి ఏ శతాబ్దమునకు చెందినది, శకవర్షమునకును ప్రభవాది సంవత్సరమునకును పొత్తు కుదురుచున్నదా, రేకు ఎట్టిది, ముద్ర ఎట్టిది అని వేరువేరుగా ప్రశ్నింతురు. సాక్షులందరును ఒక్కమాటగా పలికినప్పుడే ఆ పేరును అంగీకరింతురు. సంతకము గల జపాను ఖడ్గములను పరీక్షించు పద్ధతియు ఇట్టిదే.

ఈ విషయమును ఇచట ప్రస్తావించుటకు కారణము లేకపోలేదు. నేడు అంతర్జాల విపణులందు జపాను ఖడ్గములు నిత్యము వేలమునకు వచ్చుచున్నవి. ఇంట కూర్చుండి, నాలుగు ఛాయాచిత్రములను చూచి, పెద్ద మొత్తములు చెల్లించి వానిని కొనుట ఎవరికైనను సాధ్యమైనది. అట్లు కొనువారిలో పలువురు మొట్టమొదట అడుగు ప్రశ్న, ‘దీనిపై ఎవరి సంతకమున్నది?’ అనునది. అది చివర అడుగవలసిన ప్రశ్నయే కాని మొదట అడుగవలసినది కాదని చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

సంతకముండు చోటు

జపాను ఖడ్గమున పిడిలోపల దాగియుండు ఇనుప భాగమును ‘నకాగో’ అందురు. ఒక చిన్న వెదురు చీలను తీసినచో పిడి ఊడివచ్చును, నకాగో బయటపడును. కమ్మరి తన పేరును ఉలితో చెక్కునది దీనిపైననే. ఆ సంతకమునకు ‘మెయి’ అని పేరు. కొందరు పేరు మాత్రమే చెక్కిరి. కొందరు ఊరిని, బిరుదమును చేర్చిరి. రెండవ వైపున సంవత్సరమును మాసమును చెక్కినవారును కలరు. సంతకము లేని ఖడ్గము ‘ముమెయి’. అసత్యమైన సంతకము గలది ‘గిమెయి’.

సంతకము లేకపోవుట లోపమని తలపరాదు. పూర్వము గుఱ్ఱముపై నుండి పోరాడిన యోధుల ఖడ్గములు పొడవైనవి. తర్వాతి కాలమువారు వానిని నడుమున దోపుకొనుటకు అనువుగా నకాగో వైపు నుండి కోసి కురుచ చేసిరి. ఆ కోతలో సంతకములు పోయినవి. జపాను కమ్మరులలో అగ్రగణ్యుడుగా పేరొందిన మసమునే పదుమూడవ శతాబ్దాంతమునను పదునాల్గవ శతాబ్దారంభమునను జీవించెను. అతని సంతకము గల కృతులు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే, అవియు చిన్నకత్తులే. కావున ‘మసమునే’ అను సంతకముతో ఒక పెద్ద ఖడ్గము అమ్మకమునకు వచ్చినచో, ఆ సంతకమే మొదటి అనుమానమునకు తావిచ్చును. లోకరీతికి ఇది విపరీతముగా తోచును గాని, ఈ విద్యయందు సంతకము గొప్పదైన కొలది సందేహమును గొప్పదిగా ఉండవలెను.

కూటసంతకము లెట్లు పుట్టినవి?

గిమెయి అనగానే ఖడ్గము నకిలీ యని అర్థము కాదు. దీనిని గ్రహింపకపోవుట వలన రెండు విధముల నష్టము కలుగుచున్నది. కొందరు మంచి ఖడ్గమును పారవేయుదురు; కొందరు పనికిరాని దానిని నెత్తిన పెట్టుకొందురు.

తొకుగావా ప్రభువుల పాలనలో, అనగా పదునేడవ శతాబ్దము మొదలు పందొమ్మిదవ శతాబ్దము నడుమ వరకు, ఖడ్గము కేవలము ఆయుధము కాదు. గౌరవ చిహ్నము, కానుక, ఆస్తి. సామంతులు ప్రభువునకును, ప్రభువు సామంతులకును ఖడ్గములను బహూకరించిరి. హోనామి వంశమువారు వానిని పరీక్షించి, కర్తను నిర్ణయించి, బంగారు నాణెములలో వెలకట్టి ‘ఒరిగామి’ అను పత్రములను వ్రాసి యిచ్చిరి. కానుకకు గొప్ప పేరు కావలెను. గొప్ప పేరుగల ఖడ్గములా కొలదిగా నున్నవి. కనుక సంతకము లేని మంచి ఖడ్గములపై పేర్లు చేరినవి. చిన్న కమ్మరుల సంతకములు చెరిపివేయబడి పెద్దవారి పేర్లు నిలిచినవి.

నగసొనే కొతెత్సు చరిత్ర ఇందుకు నిదర్శనము. అతడు మొదట కవచములు చేయువాడు. నడివయస్సు దాటిన పిదప ఎదో నగరమున, అనగా నేటి టోక్యోలో, ఖడ్గములు చేసి అపార కీర్తి గడించెను. ఆ కీర్తియే అతనికి శత్రువైనది. కొతెత్సు ఖడ్గము కనిపించినచో కూటమనియే ముందు తలంపవలెనను నానుడి జపానులో పుట్టినది. పందొమ్మిదవ శతాబ్దమున కాజిహెయి అను కమ్మరి ఇట్టి కూటసంతకములు చెక్కుటలో ఆరితేరినవాడుగా అపఖ్యాతి పొందెను. అతడు అసమర్థుడు కాడు. స్వయముగా మంచి పనివాడు. కావుననే అతని మోసము కనిపెట్టుట కష్టము.

కాబట్టి విపణిలో కనబడు సంతకపు ఖడ్గములను నాలుగు తెగలుగా విభజింపవచ్చును. ఖడ్గమును సంతకమును రెండును నిజమైనవి మొదటి తెగ. ఖడ్గము ప్రాచీనమై సంతకము మాత్రమే కూటమైనవి రెండవ తెగ. ఇవి మూడువందల యేండ్లనాటి చక్కని వస్తువులును కావచ్చును. గురువు అనుమతితో శిష్యుడు గురువు పేరు చెక్కినవి మూడవ తెగ. ఇది మోసము కాదు, ఆ కార్యశాలల ఆచారము. ఖడ్గమును సంతకమును రెండును నేటి కల్పనలైనవి నాలుగవ తెగ. అలంకార వస్తువులుగా ఇటీవల తయారైన కత్తులకు రసాయనములతో తుప్పు పట్టించి, పై నాలుగక్షరములు గీచి, ప్రాచీనములని అమ్ముట ఈ తెగకు చెందిన వ్యాపారము. అంతర్జాలమున క్రొత్తవారిని ఎక్కువగా ముంచునది ఇదియే.

ఇవి గాక, ఒకే పేరు గల కమ్మరులు పలువురుండుట మరియొక చిక్కు. బిజెన్ సీమలోని ఒసఫునే గ్రామమున సుకెసద అను పేరు పెట్టుకొన్నవారు పెక్కుమంది. యుద్ధములు ముమ్మరమైన పదునారవ శతాబ్దమున అచట సేనలకై రాసులుగా చేసిన ఖడ్గములును ఉన్నవి. ప్రత్యేకముగా కోరినవారికి శ్రద్ధతో చేసినవియు ఉన్నవి. మొదటివానిపై పొట్టి సంతకమును, రెండవవానిపై సీమ పేరు, ఊరు, కమ్మరి సొంత పేరు గల నిండు సంతకమును చెక్కుట వాడుక. రెండును నిజమైన సంతకములే; విలువలో మాత్రము హస్తిమశకాంతరము. కావున ‘సంతకము నిజమైనదే’ అను మాట వినగానే ‘ఏ సుకెసదది?’ అని అడుగుట నేర్వవలెను.

అలుగు మొదటి సాక్షి

జపానులో ఖడ్గపరీక్ష నేర్పు గురువులు నకాగోను కప్పియుంచి అలుగును మాత్రమే శిష్యునకు చూపుదురు. అలుగును బట్టి కాలమును, సీమను, సంప్రదాయమును, చివరకు కర్తను చెప్పగలుగుట ఆ విద్యకు పరమావధి. ఆ పిమ్మటనే సంతకము చూడవలెను. ఈ క్రమమును తారుమారు చేసినవాడు, సంతకమునకు అనుగుణముగా అలుగును ఊహించుకొనును.

అలుగున మొదట చూడదగినది ఆకారము. పదుమూడవ శతాబ్దపు ఖడ్గమున వంపు పిడి దాపున ఎక్కువగా నుండును. పదునాల్గవ శతాబ్దపు నడుమ ఖడ్గములు వెడల్పై, మొన దీర్ఘమై కనిపించును. కంబున్ శకపు, అనగా 1661 – 1673 నాటి ఖడ్గములలో వంపు తక్కువ, అలుగు మొనవైపు సన్నగిల్లును, మొన చిన్నది. కొతెత్సు పనిచేసిన కాలమిదియే. ఆ పేరు గల ఖడ్గము పదుమూడవ శతాబ్దపు వంపుతో కనిపించినచో, సంతకము ఎంత సుందరముగా నున్నను ఆగి ఆలోచింపవలెను.

రెండవది వాదర వెంబడి కనిపించు తెల్లని రేఖ. దీనిని ‘హమొన్’ అందురు. కమ్మరి అలుగునకు మట్టిపూత పూయును. వాదరవైపు పలుచగా, వెన్నువైపు మందముగా. పిదప ఎర్రగా కాల్చి నీట ముంచును. పలుచని పూతగల వాదర త్వరగా చల్లారి మిక్కిలి గట్టిపడును. వెన్ను మెత్తగా నుండి దెబ్బను ఓర్చుకొనును. ఈ రెంటి సరిహద్దే హమొన్. దీపపు వెలుగులో వాలుగా పట్టి చూచినచో ఆ సరిహద్దున మిలమిలలాడు సన్నని రేణువులు గాని, మంచువంటి పొర గాని కనిపించును. ఆమ్లముతో గీచిన కూటరేఖయందు ఈ రేణువులుండవు. అది సున్నపు గీతవలె చదునుగా నుండును. ఐతే ఒక జాగ్రత్త వహింపవలెను: సానపట్టు నిపుణులు నిజమైన హమొన్‌కు పైని తెల్లదనమును తెచ్చిపెట్టుట కలదు. ఛాయాచిత్రమున కనిపించునది పెక్కుమార్లు ఆ తెల్లదనమే కాని అసలు రేఖ కాదు.

ఒక్కొక్క కర్తకు ఒక్కొక్క హమొన్ రీతి కలదు. కొతెత్సు పరిణత కృతులలో అది జపమాల పూసలు వరుసగా గ్రుచ్చినట్లుండును. సంతకము ఒక రీతిని చెప్పి, హమొన్ మరియొక రీతిని చెప్పినచో, హమొన్ మాటయే నమ్మదగినది. ఏలయన సంతకమును ఒక గంటలో చెక్కవచ్చును; హమొన్‌ను మార్చుటకు ఖడ్గమును మరల కాల్చవలెను.

నకాగో చెప్పు సాక్ష్యము

అలుగునకు పిదప నకాగోను చూడవలెను. అలుగును సాన పట్టుదురు గాని నకాగోను ముట్టుకొనరు. కావున దాని తుప్పు శతాబ్దముల తరబడి మెల్లగా పేరుకొని, నిండు గోధుమ వన్నె దాటి నలుపు తిరిగి, నునుపుగా ఉండును. ఎరుపెక్కి పొడిగా రాలు తుప్పు, లేదా మచ్చలుగా పట్టిన తుప్పు క్రొత్తదనమునకు గుర్తు. చెక్కిన గీతలలోపలి వన్నె చుట్టునున్న దానితో కలియవలెను. గీతలలో లోహము మెరయుచున్నచో, లేదా నాలుగువందల యేండ్ల వయస్సు చెప్పుకొను సంతకపు అంచులు నిన్న చెక్కినట్లు చేతికి గరగర తగులుచున్నచో, ఆ సంతకము వయస్సు వేరు, ఖడ్గము వయస్సు వేరు.

తుప్పును కల్పింపవచ్చును గాని తర్కమును కల్పించుట కష్టము. నకాగోపై ఆకురాతి గీతలు, చీల రంధ్రములు, సంతకము, చివరి కోత అను నాలుగును ఉండును. వీనిలో ఏది ముందు, ఏది వెనుక అని విచారింపవలెను. కమ్మరి మొదట ఆకురాయి పట్టి, ఆ తర్వాత పేరు చెక్కును. ఖడ్గము కురుచయైనప్పుడు క్రొత్త రంధ్రము వేయుదురు. అది పాత అక్షరమును చీల్చినచో అక్షరము రంధ్రముకంటె పూర్వపుదని తెలియును. అట్లుగాక, కురుచ చేసిన నకాగోపై, తర్వాత వేసిన రంధ్రమునకు తగులకుండ అక్షరములు ఒదిగి, క్రొత్త పొడవునకు సరిగా నడుమ అమరియున్నచో, ఆ సంతకము కోతకు పిదప వచ్చినదే. రాతిలోని పగులును తప్పించుకొని సాగిన అక్షరములను చూచి, పగులు ముందే ఉన్నదని శాసన పరిశోధకుడు చెప్పునట్టిదే ఈ తర్కమును.

సంతకము ఏ వైపున ఉన్నదనునదియు గమనింపదగినది. వాదర క్రిందికి ఉండునట్లు వ్రేలాడదీసి ధరించిన ఖడ్గమును ‘తాచి’ అనియు, వాదర పైకి ఉండునట్లు నడుమున దోపుకొన్నదానిని ‘కతానా’ అనియు అందురు. ధరించినప్పుడు బయటికి కనబడు వైపున సంతకము చెక్కుట మర్యాద. కావున మొనను పైకి పట్టి సంతకమును చూచినప్పుడు, కతానాయందు వాదర ఎడమ ప్రక్కను, తాచియందు కుడి ప్రక్కను ఉండును. హిజెన్ సీమకు చెందిన తదయోషి వంశీయులు మాత్రము కతానాలపై కూడ సాధారణముగా తాచి పద్ధతినే సంతకము చేసిరి. వారి పేరుతో రెండవ వైపున సంతకము కనిపించినచో అధిక విచారణ అవసరము.

అక్షరముల పరీక్ష

ఇప్పుడుగాని సంతకమును చదువుట న్యాయము కాదు. నకాగోపై పలుచని కాగితము పరచి మసితో రుద్ది ప్రతిచ్ఛాయ తీయుట జపానులో ప్రాచీనాచారము. దానిని ‘ఒషిగత’ అందురు. మన శాసనములకు తీయు ప్రతిచ్ఛాయల వంటిదే ఇది. సందేహము లేని ఖడ్గముల ఒషిగతలు గ్రంథరూపమున లభించుచున్నవి. వానితో ఉలి దిగిన కోణమును, గీతల లోతును, అక్షరముల నడుమ ఎడమును, రంధ్రమునకు అక్షరమునకు గల దూరమును పోల్చవలెను. ఒక్క ప్రతిచ్ఛాయతో పోల్చి తృప్తిపడరాదు. మోసగాడును అదే గ్రంథమును చూచియుండును.

కర్త సంతకము జీవితకాలమున మారుట సహజము. కొతెత్సు తన పేరును మొదట ఒక లిపిలోను, పిదప ‘పులి’ అను అర్థముగల అక్షరముతోను వ్రాసెను; ఆ పులి అక్షరమును కూడ తుదిదశలో వేరొక రూపమున చెక్కెను. కావున తుదినాటి తేదీతో తొలినాటి అక్షరము కనిపించినచో పొరపాటు మోసగానిదే. తేదీలును పరీక్షింపదగినవి. పూర్వము జపాను శకములు చక్రవర్తుల ఆజ్ఞచే మారుచుండెను. కంబున్ శకము పదుమూడవ సంవత్సరముతో ముగిసెను. ‘కంబున్ 20’ అని చెక్కిన ఖడ్గము ఎన్నడును పుట్టియుండదు.

పత్రముల విలువ

అమ్మువారు చూపు పత్రములు రెండు విధములు. మొదటిది జపానులోని ప్రాంతీయ విద్యామండలులు ఇచ్చు నమోదు పత్రము. 1958 నాటి తుపాకులు, ఖడ్గముల చట్టము ననుసరించి అచట ప్రతి ఖడ్గమునకును ఇది ఉండవలెను. అందు పొడవు, వంపు, రంధ్రముల సంఖ్య, నకాగోపై చెక్కియున్న పేరు వ్రాయబడును. ఇచట పాఠకులు జాగరూకులై ఉండవలెను: చెక్కియున్న పేరును ఉన్నదున్నట్లు ఎక్కింతురే కాని, అది సత్యమని ఆ మండలి ధ్రువపరచదు. కూటసంతకమును ఆ పత్రమున అట్లే ఎక్కును. ఖడ్గము దేశము దాటునప్పుడు ఈ పత్రమును తిరిగి అప్పగించి, ఎగుమతికి అనుమతి పొందవలసియుండును.

రెండవది నిపుణ సంస్థల నిర్ణయ పత్రము. 1948లో స్థాపితమైన జపాను కళాఖడ్గ సంరక్షణ సంఘము ఇందు ముఖ్యమైనది. నేటి దాని పత్రములు ‘హొజొన్’, ‘తొకుబెత్సు హొజొన్’, ‘జూయో’, ‘తొకుబెత్సు జూయో’ అని క్రమముగా నాలుగు అంతస్తులవి. ఈ పద్ధతి 1982లో ఏర్పడినది. అంతకు పూర్వపు రంగు పత్రములలో కొన్నింటి ప్రామాణ్యము వివాదాస్పదమైనందున, అనుభవజ్ఞులు వానితో తృప్తిపడక పునఃపరీక్ష కోరుదురు. పత్రము నిజమైనదైనను అది ఈ ఖడ్గమునకే చెందినదా యని చూడవలెను. పొడవును, రంధ్రములను, పత్రముపై అతికిన నకాగో చిత్రమును సరిచూచుట ఐదు నిమిషముల పని.

కొనదలచినవారికి

దూరమునుండి కొనువాడు ఈ చిత్రములను అడిగి తెప్పించుకొనవలెను: పిడి తీసిన ఖడ్గము యొక్క పూర్తి రూపము, నకాగో రెండు వైపులు, సంతకము దగ్గరగా, మొన, వాలు వెలుగులో హమొన్, పత్రములున్నచో వాని రెండు ముఖములు. నకాగో చూపుటకు నిరాకరించువానితో బేరము నిలిపివేయుట ఉత్తమము. గొప్ప పేరుగల ఖడ్గము పత్రము లేక అగ్గువగా వచ్చినచో, ఒక ప్రశ్న వేసికొనవలెను: పరీక్ష రుసుము ఖడ్గపు విలువతో పోల్చినచో స్వల్పము; ఇతడు దానిని ఏల పరీక్షకు పంపలేదు? పంపి తిరస్కృతి పొందియుండుటయే పెక్కుసార్లు ప్రత్యుత్తరము.

ఇన్ని పరీక్షలు చెప్పినను ఒక పరిమితిని దాచరాదు. ఛాయాచిత్రములను బట్టి ‘కాదు’ అని చెప్పవచ్చును. ‘ఔను’ అని చెప్పరాదు. తేదీ తప్పు, కోత తప్పు, ఆకారము తప్పు చిత్రమున పట్టుబడును. తప్పు పట్టుబడనంత మాత్రమున సత్యము స్థిరపడదు. అందుకు ఖడ్గము నిపుణుని చేతికి రావలెను. కావున ప్రామాణిక పత్రము లేని సంతకమునకు ఒక్క రూకయు అదనముగా చెల్లింపక, ఆ ఖడ్గమును ముమెయి యని భావించి అలుగునకు తగిన వెల మాత్రమే ఇచ్చువాడు మోసపోడు. విదేశములనుండి ఖడ్గము తెప్పించుకొనుటకు మన 1959 నాటి ఆయుధ చట్టమును, సుంకపు నిబంధనలును వర్తించును. వానిని ముందుగనే విచారించుట మేలు.

ఇండ్లలోని ఖడ్గములు

రెండవ ప్రపంచయుద్ధమున బర్మా రంగమున పోరాడిన భారత సైన్యమున తెలుగువారును ఉండిరి. 1945లో జపాను సేనలు లొంగిపోయినప్పుడు వారి అధికారుల ఖడ్గములు పెక్కు చేతులు మారినవి. అట్టిది ఎవరి ఇంటనైనను ఉన్నచో, అది మూడింటిలో ఒకటి కావచ్చును. వరుస సంఖ్య అలుగుపై ముద్రించిన చిన్న అధికారుల కత్తి యంత్రనిర్మితము. నకాగోపై ‘షో’ అను అక్షరపు ముద్రగాని, ‘సెకి’ అను పట్టణపు ముద్రగాని ఉన్నచో, సంతకమున్నను అది సంప్రదాయ పద్ధతిని చేసినది కాదు. నక్షత్ర ముద్ర ఉన్నచో సైన్యము ఆమోదించిన కమ్మరి పాత పద్ధతిని చేసినది. మూడవది, సైనిక పిడిలో అమర్చిన వంశపారంపర్యపు ప్రాచీన ఖడ్గము. ఇది అరుదే గాని అసంభవము కాదు.

ఏదైనను దాని నకాగోను చింతపండుతోగాని, ఇసుక కాగితముతోగాని, తీగ కుంచెతోగాని తోమరాదు. దేవతార్చన పాత్రలను తోముట పుణ్యము. నకాగోను తోముట సాక్షి గొంతు నొక్కుట. ఆ తుప్పే దాని జన్మపత్రిక. ఒకమారు పోయిన పిదప అసలు సంతకమును కూడ ఎవరును నమ్మరు.

ఇట్టిదే మరియొక అపాయమున్నది. కూటసంతకమని తేలిన పిదప కొందరు దానిని గీకివేయించి, ముమెయిగా మరల పరీక్షకు పంపుదురు. జపానులో ఇది వాడుకయే. అలుగు మంచిదైనచో అది తగిన కర్త పేరుతో పత్రము పొందును కూడ. కాని నిపుణుల అభిప్రాయములు తరతరమునకు మారుట కలదు. నేడు కూటమనుకొన్నది, క్రొత్త ఒషిగత ఒకటి బయటపడినప్పుడు, ఆ కర్త యొక్క అరుదైన తొలినాటి సంతకమని తేలవచ్చును. కూటశాసనములను సైతము మన పండితులు కరిగించి పారవేయలేదు. కూటమని గుర్తువేసి భద్రపరచిరి. ఎవరు, ఎప్పుడు, ఎవరి పేరు చెప్పి, ఏ లాభమునకై కల్పించిరో అదియు చరిత్రయే. ఖడ్గముల విషయమునను ఈ న్యాయమే పాటింపదగినది. సంతకమును నమ్మవలదు, నమ్మలేదని చెరుపవలదు.